వేసవిలో మట్టిబాటల మీద ఒంటరి సైకిల్ సవారీ: సమగ్ర మార్గదర్శి

ఇంటికి దగ్గరలో ఉన్న మట్టిబాటల మీద వేసవి ఉదయం ఒక్కరే సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళడంలో ప్రత్యేకమైన సుఖం ఉంది. ఎవరి వేగానికీ మన వేగాన్ని సరిపెట్టుకోనక్కరలేదు, ఆగాలనిపించిన చోట ఆగవచ్చు, నచ్చిన మలుపు దగ్గరికి వెనక్కి వెళ్ళి మరోసారి తిరగవచ్చు. అయితే పంక్చరు కావడం, దారి తప్పడం, నీళ్ళు అయిపోవడం వంటివి పక్కన మరొకరు ఉంటే సులువుగా గట్టెక్కే ఇబ్బందులు; ఒంటరిగా ఉన్నప్పుడు అవే పెద్దవవుతాయి. అందుచేత ఇటువంటి ప్రయాణంలోని ఆనందం చాలావరకు బయలుదేరకముందే ఖాయమవుతుందని నా నమ్మకం. తిరుగు ప్రయాణం గురించి ముందుగానే ఆలోచించి పెట్టుకున్నవారికి దారి పొడవునా మనసు నిశ్చింతగా ఉంటుంది, ఆ నిశ్చింత ఉంటేనే చుట్టూ ఉన్న చెట్టూ పిట్టా కంటికి ఆనుతాయి. ఈ కింది విషయాలన్నీ పని జరిగే వరుసలోనే రాశాను.

బాటను ఎంచుకోవడం

తొలి ఒంటరి సవారీకి పూర్తిగా కొత్త బాట పనికిరాదు. ఇదివరకు నడిచి చూసిన బాటనో, తోడుతో కలిసి తొక్కిన బాటనో ఎంచుకోవాలి. అక్కడ సైకిళ్ళకు అనుమతి ఉందో లేదో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ప్రవేశం దగ్గరి బోర్డు చదివి తెలుసుకోవాలి. నడిచేవారికి మాత్రమే కేటాయించిన దారులు చాలాచోట్ల ఉంటాయి.

దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో లెక్క వేయడం మేలు. తారు రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లు సునాయాసంగా వెళ్ళేవారి వేగం కూడా రాళ్ళూ వేర్లూ ఉన్న ఇరుకుబాటలో సగానికి పడిపోవచ్చు, ఎక్కుడు ఉంటే ఇంకా తగ్గుతుంది. పటంలో కాంటూరు రేఖలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) ఒకదానికొకటి దగ్గరగా ఉన్నచోట వాలు నిటారుగా ఉంటుందని గుర్తుపెట్టుకుంటే కాళ్ళకు ఎక్కడ పని పడుతుందో ఇంట్లో కూర్చునే అంచనా వేయవచ్చు. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా పనికివచ్చేలా ఆ ప్రాంతపు పటాన్ని ముందుగానే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

బాట ఆకారం కూడా ముఖ్యమే. ఒకే పెద్ద చుట్టుగా కాకుండా 8 అంకె ఆకారంలో, అంటే మధ్యలో ఒకసారి బయలుదేరిన చోటికే వచ్చి మళ్ళీ వెళ్ళేలా దారిని అల్లుకుంటే చాలా సౌకర్యంగా ఉంటుంది. ఎండ ముదిరినా, ఒంట్లో బాగాలేకపోయినా రెండో చుట్టు మానేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. అంతా బాగుంటే నీళ్ళు నింపుకొని కొనసాగవచ్చు. ఎక్కుడు భాగం ముందు వచ్చేలా, దిగుడు ఆఖరున వచ్చేలా చూసుకోవాలి. గాలి వీచే దిశనూ అలాగే చూసుకొని, పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి ఉండేలా బయలుదేరాలి. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక, అలసిన కాళ్ళతో ఎదురుగాలిలో తొక్కుతూ ఇంటికి రావడం ప్రయాణం మొత్తాన్నీ చేదు చేస్తుంది.

వేళ, వాతావరణం

రోజు మొత్తంలో గాలి అన్నిటికంటే చల్లగా ఉండేది సూర్యోదయం ప్రాంతంలో. అన్నిటికంటే వేడిగా ఉండేది సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు కాదు, ఆ తరువాత రెండు మూడు గంటలకు. అందువల్ల వెలుతురు వచ్చీ రాగానే బయలుదేరి, ఎండ ముదరక ముందే ముగించడం వేసవి సవారీకి ఉత్తమమైన పద్ధతి. సాయంత్రాలు కూడా బాగానే ఉంటాయి కానీ పగలంతా కాగిన నేల వేడిని వదులుతూనే ఉంటుంది, పైగా ఏ చిన్న ఆలస్యం జరిగినా చీకటి పడుతుంది. సాయంత్రం వెళ్ళేవారు ముందూ వెనుకా లైట్లు లేకుండా వెళ్ళకూడదు. దారిలో ఎండ తీవ్రతను తెలుసుకోవడానికి మీ నీడే చాలు: అది మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్టు లెక్క.

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతతో పాటు గాలిలోని తేమను తప్పక చూడాలి. తొక్కేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పెడల్‌ను తిప్పడానికి పనికివస్తుంది; మిగిలినదంతా వేడిగా మారుతుంది. చెమట పట్టినంత మాత్రాన ఆ వేడి పోదు, అది ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఉక్కపోత రోజుల్లో చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది కాబట్టి పొడిగా ఉన్న 36 డిగ్రీల కంటే ఉక్కగా ఉన్న 32 డిగ్రీలే శరీరాన్ని ఎక్కువ కష్టపెట్టవచ్చు. వేసవి మొదలైన కొత్తలో శరీరం వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో సవారీలను చిన్నవిగా, తేలికగా ఉంచి క్రమంగా పెంచుకోవాలి.

వేసవి మధ్యాహ్నాల్లో హఠాత్తుగా కమ్ముకొనే ఉరుములు మెరుపుల వానల విషయంలో మొండితనం పనికిరాదు. మెరుపు కనిపించిన తరువాత 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఆ పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపలే పడిందని అర్థం. వెంటనే గట్టు మీది నుంచీ బయలు ప్రదేశం నుంచీ దిగిపోయి గట్టి కట్టడంలోనో మూసి ఉన్న వాహనంలోనో తలదాచుకోవాలి. ఒంటిగా నిలబడిన చెట్టు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ చేరకూడదు. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు ఆగి కదలాలి.

ముందు రోజు రాత్రి సైకిల్ పరీక్ష

ఈ పని తెల్లవారుజామున కాకుండా ముందు రాత్రే చేయాలి, ఎందుకంటే లోపం కనిపిస్తే సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. ముందు చక్రం నుంచి మొదలుపెట్టి, హ్యాండిల్ మీదుగా పెడళ్ళ దగ్గరికి దిగి, సీటు దగ్గరికి ఎక్కి, వెనుక చక్రంతో ముగిస్తే ఏ భాగమూ మిగిలిపోదు. చక్రాలను ఫ్రేముకు పట్టి ఉంచే నట్లూ లీవర్లూ బిగుతుగా ఉన్నాయా? ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టకటకమని ఆడుతోందా? బ్రేకు లీవరు హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కుకుపోతోందా? చక్రాన్ని పైకెత్తి తిప్పితే వంకరగా తిరుగుతోందా? వీటిలో ఏది కనిపించినా సరిచేయించే వరకు ఆ సైకిల్ మీద ఒంటరిగా బయలుదేరవద్దు. సీటు ఎత్తును చూడటానికి, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమను దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి. అప్పుడు ముందు పాదంతో తొక్కినప్పుడు మోకాలి దగ్గర కొద్దిపాటి వంపు మిగులుతుంది.

టైరులో గాలి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మట్టిబాట మీద సుఖమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. టైరు పక్కగోడ మీద ముద్రించిన గరిష్ఠ పరిమితి దాకా గాలి కొట్టడం చాలామందికి అలవాటు, కానీ అంత గట్టి టైరు గులకరాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు తప్పుతుంది. రెండు అంగుళాల కంటే వెడల్పైన మౌంటెన్ బైక్ టైర్లకు మనిషి బరువును బట్టి 25 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, పంపు మీది మీటరులో కనిపిస్తుంది) సరిపోతుంది. హైబ్రిడ్ సైకిళ్ళ సన్నని టైర్లకు సాధారణంగా 45 నుంచి 60 దాకా కావాలి. ఏ టైరుకైనా పక్కగోడ మీద రాసిన కనిష్ఠ, గరిష్ఠ హద్దులను దాటకూడదు. వెనుక చక్రం మీద ఎక్కువ బరువు పడుతుంది కనుక అందులో రెండు మూడు పీఎస్ఐ అదనంగా ఉంచాలి. ఉదయం 25 డిగ్రీల దగ్గర 35 పీఎస్ఐ కొట్టిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 38కి చేరుతుంది. మట్టిబాట మీద ఇది ప్రమాదమేమీ కాదు, అయినా ఆగినప్పుడు సైకిల్‌ను ఎండలో వదలకుండా నీడలో నిలపడం మంచి అలవాటు. ట్యూబ్‌లెస్ టైర్లు వాడేవారు లోపలి సీలెంట్ (చిల్లులను పూడ్చే ద్రవం) వేసవిలో త్వరగా ఎండిపోతుందని గుర్తుంచుకొని రెండు మూడు నెలలకొకసారి చూసుకోవాలి.

వెంట ఉండవలసినవి

అన్నిటికంటే ముందు నీళ్ళు. ఎండలో తొక్కేవారికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా అవసరమవుతుంది, కొందరికి అంతకు మించి కూడా. మీ అవసరం ఎంతో తెలుసుకోవడానికి ఒక గంట తొక్కడానికి ముందూ తరువాతా బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు చెమట పోయినట్టు లెక్క, మధ్యలో తాగిన నీళ్ళను దానికి కలపాలి. శరీర బరువులో రెండు శాతం మించి నీరు తగ్గితే శక్తీ ఏకాగ్రతా సన్నగిల్లుతాయి. గంటన్నర దాటే ప్రయాణంలో ఒట్టి నీళ్ళనే అదే పనిగా తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పలుచబడే ప్రమాదం ఉంది. ఒక సీసాలో నీళ్ళు, మరొక సీసాలో లవణాలు కలిపిన ద్రావణం ఉంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉంటాయి. నీరసం వచ్చినప్పుడు ఆదుకునేందుకు ఒక ప్యాకెట్ సంచీలో పడి ఉండటం మంచిది. గంట దాటిన తరువాత గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా ఏదైనా తేలికైన తిండి కూడా ఉంచుకోండి.

నీటికి సంబంధించి ఒంటరి ప్రయాణికుడు మీరకూడని నియమం ఒకటి ఉంది. తెచ్చుకున్న నీళ్ళలో మూడో వంతు అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. మరో మూడో వంతు తిరుగు దారికి, మిగిలినది అనుకోని ఆలస్యానికి.

పనిముట్లలో అదనపు ట్యూబు, రెండు టైరు లీవర్లు, చిన్న పంపు, ప్యాచీలు, అలెన్ కీలున్న మల్టీటూల్, తెగిన చైనును కలిపే లింకు ఉంటే చాలు. వాటిని వాడటం ఇంట్లోనే సాధన చేసి ఉండాలి, లేకపోతే అవి సంచీలో బరువు మాత్రమే. చిన్న ప్రథమ చికిత్స పెట్టె, విజిల్, పేరూ రక్తపు గ్రూపూ దగ్గరివారి నంబరూ రాసిన కార్డు కూడా వెంట ఉంచుకోవాలి. నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదడం కొండ ప్రాంతాల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఆపద సంకేతం. అరుపు కంటే విజిల్ ఎక్కువ దూరం వినిపిస్తుంది, గొంతు ఎండిపోయినా పనిచేస్తుంది.

బయలుదేరే ముందు ఒక మనిషికి మూడు విషయాలు చెప్పాలి: ఏ బాట మీద వెళ్తున్నారు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, ఎన్ని గంటలు దాటినా కబురు లేకపోతే వెతకడం మొదలుపెట్టాలి. ఈ మూడోదాన్ని చాలామంది చెప్పరు, నిజానికి అదే అన్నిటికంటే ముఖ్యం. దారి మార్చుకోవాలనిపిస్తే సిగ్నల్ ఉన్నచోటే ఒక సందేశం పెట్టి మార్చుకోవాలి. సిగ్నల్ లేని చోట ఫోన్ టవరు కోసం వెతుకుతూ బ్యాటరీని తినేస్తుంది కనుక ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నేరుగా ఎండ తగలకుండా సంచీ లోపల ఉంచాలి.

ఒంటి రక్షణ

హెల్మెట్ అంచు కనుబొమల పైన రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నట్టే కనిపించినా లోపలి నురగ నలిగి ఉంటుంది, దాన్ని మార్చవలసిందే. లేతరంగు వదులు చొక్కా, మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు, చేతి తొడుగులు వేసుకోవాలి. సన్‌స్క్రీన్‌ను ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా చూసి బయలుదేరడానికి పావుగంట ముందు రాసుకోవాలి, రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. మెడ వెనుక భాగం, చెవులు, పిక్కలు మరిచిపోయేవి.

బాట మీద

మొదటి పావుగంట తేలిక గేరులో, మాట్లాడుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా సాగాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మితిమీరిన వేగాన్ని ఆపేవారు ఉండరు కాబట్టి ఊపిరే కొలతగా పెట్టుకోవాలి. పూర్తి వాక్యం పలకలేనంతగా రొప్పుతుంటే తగ్గించాలి. పెడళ్ళు నిమిషానికి 70 నుంచి 90 సార్లు తిరిగేలా గేరు మారుస్తూ ఉంటే మోకాళ్ళ మీద భారం పడదు. ఎక్కుడు మొదలయ్యాక బరువుతో తొక్కుతూ గేరు మారిస్తే చైను పట్టుకుపోతుంది, అందువల్ల ఎక్కుడుకు ముందే మార్చాలి. ఎక్కేటప్పుడు సీటు ముందు అంచుకు జరిగి ఛాతీని హ్యాండిల్ వైపు వంచితే ముందు చక్రం లేవదు, వెనుక చక్రం జారదు. ఎక్కుడులో వేగం తగ్గి గాలి తగలదు కాబట్టి ఒళ్ళు ఎక్కువగా వేడెక్కేది అక్కడే; మీదికి చేరగానే నీడ చూసి ఒక నిమిషం ఆగడంలో చిన్నతనమేమీ లేదు.

చూపు ముందు చక్రం మీద కాకుండా పది పదిహేను మీటర్ల ముందు ఉండాలి. రాయిని చూస్తూ పోతే చక్రం రాయి మీదికే పోతుంది, దాని పక్కనున్న సందును చూస్తే సందులోంచి పోతుంది. గతుకులు వచ్చినప్పుడు పెడళ్ళను సమంగా ఉంచి సీటు మీది నుంచి కొద్దిగా లేచి, మోచేతులూ మోకాళ్ళూ వంచి, సైకిల్‌ను కింద ఆడనివ్వాలి. వేర్లను అడ్డంగా, లంబకోణంలో దాటాలి; ఏటవాలుగా దాటితే చక్రం జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకొని, మలుపులో బ్రేకు వదిలి, బయటివైపు పెడల్‌ను కిందికి ఉంచి దాని మీద బరువు మోపాలి. గట్టి నేల మీద సైకిల్‌ను ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే అయినా, ఎండిన దుమ్ము మీదా గులకరాళ్ళ మీదా దాన్ని గట్టిగా పట్టేస్తే చక్రం పక్కకు కొట్టుకుపోతుంది. రెండు బ్రేకులనూ ఒక్కో వేలితో కొద్దికొద్దిగా నొక్కుతూ వదులుతూ దిగాలి. పొడవాటి దిగుడు తరువాత బ్రేకు డిస్క్‌ను చేత్తో తాకవద్దు, చర్మం కాలేంత వేడిగా ఉంటుంది.

వేసవి బాటల్లో ప్రత్యేకంగా ఎదురయ్యేవి రెండు. ఒకటి, ఎండకు పొడిబారిన ఇసుక మేట. దానిలోకి ప్రవేశించకముందే ఒక గేరు తగ్గించి, బరువును కొద్దిగా వెనక్కి వేసి, హ్యాండిల్‌ను తేలికగా పట్టుకొని, తొక్కడం ఆపకుండా తిన్నగా పోవాలి. ముందు చక్రం కాస్త అటూ ఇటూ ఈదుతుంది. దాన్ని బలవంతంగా సరిచేయబోతేనే పడతారు. రెండోది నీడ. మండే ఎండలోంచి చిక్కని చెట్ల కిందికి దూరిన మొదటి కొన్ని క్షణాలు కంటికి ఏమీ ఆనదు. నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడి, వేరేదో వేరు నీడేదో తెలియకుండా కలిసిపోతాయి. చెట్ల వరుస ఇంకా ఇరవై మీటర్లు ఉండగానే వేగం తగ్గించి, చాలా నల్లని అద్దాలైతే ముక్కు మీదికి జార్చుకొని, కళ్ళు అలవాటు పడ్డాక మళ్ళీ పుంజుకోవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వెనుక నుంచి వచ్చేవారిని పట్టిచ్చేవి చెవులే, పైగా ఒంటరి ఉదయాన వినదగినవి ఎన్నో ఉంటాయి.

నడిచేవారు ఎదురైతే వేగం తగ్గించి, గంట కొట్టో పలకరించో ముందుకు సాగాలి. ఎక్కేవారికి దిగేవారు దారి ఇవ్వడం మర్యాద. గుర్రాలు ఎదురైతే ఆగి, వాలుకు దిగువన నిలబడి, మామూలు గొంతుతో మాట్లాడాలి; మనిషి గొంతు వింటే అవి బెదరవు. జర్రున జారుతూ బ్రేకు వేయడం, బురదగుంట పక్కనుంచి కొత్త దారి చేయడం బాటను పాడుచేస్తాయి.

పంక్చరు అయితే

ముందు నీడకు చేరి, ఒక గుక్క నీళ్ళు తాగి, తొందర లేకుండా మొదలుపెట్టాలి. చక్రం విప్పే ముందు వాల్వు ఎదుట టైరు మీద ఏ అక్షరం ఉందో గుర్తుపెట్టుకోవాలి. ట్యూబును బయటికి తీసి గాలి కొట్టి, బుస్సుమన్న చోటును పెదవుల దగ్గర పెట్టుకుంటే ఎంత సన్నని రంధ్రమైనా తెలుస్తుంది. వాల్వు నుంచి ఆ రంధ్రం ఎంత దూరంలో ఉందో, టైరు మీద కూడా అంతే దూరంలో, అటో ఇటో ముల్లు ఉండాలి. గుడ్డ ముక్కతో టైరు లోపలి భాగాన్ని నెమ్మదిగా తుడిస్తే ముల్లు మొన దగ్గర దారం తగులుకుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అర కిలోమీటరు కూడా వెళ్ళలేరు. ట్యూబు మీద పక్కపక్కనే రెండు చీలికలు ఉంటే ముల్లు కోసం వెతకనక్కరలేదు. గాలి చాలక, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందన్నమాట, ఈసారి నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ కొట్టాలి. కొత్త ట్యూబుకు గుండ్రంగా ఆకారం వచ్చేంత గాలి మాత్రమే కొట్టి లోపల అమర్చి, టైరు అంచును చేతులతోనే ఎక్కించాలి. లీవరు వాడితే ట్యూబు మళ్ళీ చిల్లుపడవచ్చు.

ఎండ దెబ్బ గుర్తులు

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం, విపరీతమైన చెమట, ఒళ్ళు చల్లగా జిగటగా మారడం కనిపిస్తే సవారీ ముగిసినట్టే. నీడలో పడుకొని, కాళ్ళు ఎత్తుగా పెట్టి, మెడ మీదా చంకల్లోనూ నీళ్ళు పోసుకొని, లవణ ద్రావణాన్ని కొద్దికొద్దిగా తాగాలి. అరగంటలో తేరుకోకపోతే సహాయం కోరాలి. మాట తడబడటం, ఎటు వెళ్తున్నారో తెలియకపోవడం అంతకంటే తీవ్రమైన వడదెబ్బకు సంకేతాలు. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు, అది ప్రాణాపాయం. ఆ దశలో మనిషి తన పరిస్థితిని తానే గుర్తించలేడు కాబట్టి ఒంటరిగా ఉన్నవారు మొదటి గుర్తుల దగ్గరే ఆగాలి, ఫోన్ చేయగలిగినప్పుడే చేయాలి. చాలా దేశాల్లో అత్యవసర నంబరు 112. ఎండలో వణుకు పుట్టినా, పట్టే చెమట ఉన్నట్టుండి ఆగినా ఇంకా కొంచెమే కదా అని ముందుకు పోవద్దు.

ఇంటికి చేరాక

చెప్పి వెళ్ళిన మనిషికి ముందుగా కబురు పెట్టాలి. తగ్గిన ప్రతి కిలో బరువుకూ ఒకటింబావు నుంచి ఒకటిన్నర లీటరు వరకు ద్రవాలను తరువాతి కొన్ని గంటల్లో నిదానంగా తాగాలి. గడ్డిలోంచి వచ్చి ఉంటే మోకాళ్ళ వెనుక, నడుము దగ్గర పురుగులు పట్టాయేమో చూసుకోవాలి. నీళ్ళు ఎన్ని అయ్యాయో, ఏ మలుపు నుంచి ఎండ మొదలైందో, ఎక్కడ నీడ దొరికిందో రెండు వాక్యాలు రాసిపెట్టుకుంటే వచ్చే సవారీకి దారి అల్లుకోవడం తేలికవుతుంది. టైర్లలో గుచ్చుకున్న ముళ్ళను ఆ సాయంత్రమే చూడండి, రాత్రికి గాలి దిగిపోయే టైరు అప్పుడే పట్టుబడుతుంది. చైనును పొడిగుడ్డతో తుడిచి, దుమ్ముబాటలకు పనికివచ్చే పలుచని నూనెను ఒక్కో లింకుకు ఒక్కో చుక్క చొప్పున వేసి, కాసేపాగి పైకి మిగిలిన నూనెను మళ్ళీ తుడిచేయాలి. జిడ్డుగా వదిలేస్తే మర్నాటి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.